గాయం తర్వాత మళ్ళీ పరుగు: ట్రయథ్లాన్ సాధకులకు ప్రత్యేకమైన చిక్కు

ట్రయథ్లాన్‌లో ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా సాగుతాయి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో తొలిసారి ప్రవేశపెట్టిన పోటీలో వీటి దూరాలు వరుసగా 1.5, 40, 10 కిలోమీటర్లు. మూడింటిలో సాధకులను ఎక్కువగా గాయపరిచేది పరుగే. ఈతలో శరీర భారాన్ని నీరు మోస్తుంది, సైకిల్ మీద సీటు మోస్తుంది. పరుగులో మాత్రం ప్రతి అడుగుకూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం ఒక్క కాలి మీద పడుతుంది. నిదానంగా పరుగెత్తేవారు కిలోమీటరుకు సుమారు 1,100 నుంచి 1,200 అడుగులు వేస్తారు. అంటే 5 కిలోమీటర్లలో ఒక్కొక్క కాలు దాదాపు 3,000 సార్లు ఆ బలాన్ని తట్టుకోవాలి.

అందువల్ల కాలికి గాయమైనప్పుడు వైద్యులు తరచుగా పరుగు మాన్పించి, వీలైతే ఈత, సైకిల్ కొనసాగించమంటారు. ఇది సరైన సలహాయే. చిక్కు తరువాత వస్తుంది.

ఊపిరి ముందు, ఎముక వెనుక

రెండు నెలలు ఈత, సైకిల్ సాధన చేసిన వ్యక్తి గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం పెద్దగా తగ్గదు. మళ్ళీ పరుగు మొదలుపెట్టిన రోజున ఆయాసం రాదు. ఇంకో రెండు కిలోమీటర్లు పోవచ్చు అనిపిస్తుంది. కాని టిబియా ఎముక, మడమ వెనుక ఉండే అకిలీస్ టెండన్, పాదంలోని చిన్న ఎముకలు ఆ రెండు నెలల్లో పరుగు భారాన్ని చవిచూడలేదు. పరుగు ఒక్కటే సాధన చేసి, గాయంతో ఇంట్లో కూర్చున్న వ్యక్తిని ఆయాసమే ఆపుతుంది. ట్రయథ్లాన్ సాధకునికి ఆ కళ్లెం ఉండదు.

ఎముక తన మీద పడే భారానికి తగినట్లు తనను తాను మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో వివరించాడు. ఈ మార్పు ఒక వరుసలో జరుగుతుంది. మొదట కొన్ని కణాలు పాత ఎముకను తొలగిస్తాయి. దీనికి కొన్ని వారాలు చాలు. ఆ ఖాళీని కొత్త ఎముకతో నింపి గట్టిపరచడానికి నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో ఆ చోటు మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. పరుగు మొదలుపెట్టి కొన్ని వారాలు బాగానే గడిచాక గాయం తిరగబెట్టడానికి ఇదొక కారణం. టెండన్‌కు రక్తప్రసరణ తక్కువ కనుక అదీ నిదానంగానే కోలుకుంటుంది.

ఎప్పుడు, ఎంత?

30 నిమిషాలు చురుకుగా నడిచినా నొప్పి రాకూడదు, మర్నాడు ఉదయం కూడా రాకూడదు. ఒంటికాలి మీద కొద్దిసార్లు గెంతగలగాలి. గాయపడిన కాలి మడమను మంచి కాలితో సమానంగా ఎత్తి దించగలగాలి. ఇవి కుదిరాక, వైద్యుడో ఫిజియోథెరపిస్టో అనుమతించాక మొదలుపెట్టవచ్చు.

మొదటి రోజు 4 నిమిషాల నడక, 1 నిమిషం పరుగు, ఇలా ఆరుసార్లు. మొత్తం అరగంటలో పరుగు 6 నిమిషాలే. వారాంతాల్లో 80 కిలోమీటర్లు సైకిల్ తొక్కేవారికి ఇది నవ్వులాటగా కనిపిస్తుంది. నిజానికి ఈ సాధన ఊపిరితిత్తులకు కాదు, ఎముకకు. ఒక్కో దశను రోజు విడిచి రోజు కనీసం రెండు మూడుసార్లు చేసి, నొప్పి లేకపోతేనే 3-2, తరువాత 2-3, ఆ పైన 1-4 నిష్పత్తికి వెళ్లాలి. ముందు సమయం పెంచాలి. వేగం, ఎత్తు రోడ్లు చివర. సిమెంటు రోడ్డు కంటే కాలేజీ మైదానంలోని చదునైన మట్టి నేల నయం. వారానికి 10 శాతమే పెంచాలన్న సూత్రం బాగా ప్రచారంలో ఉంది కాని, దాన్ని శాసనంగా తీసుకోనక్కర లేదు. గాయపడిన కాలు మర్నాడు చెప్పేదే అంతకంటే నమ్మదగిన కొలత.

నొప్పిని చదవడం

అన్ని నొప్పులూ ఒకటి కావు. టెండన్ నొప్పి పరుగు మొదట్లో ఉండి, ఒళ్ళు వేడెక్కాక తగ్గి, మర్నాడు పొద్దున మంచం దిగగానే బిగుతుగా తిరిగి కనిపించవచ్చు. స్వల్పంగా ఉండి, మర్నాటికి మామూలు స్థితికి వస్తే సాధన కొనసాగించవచ్చు. ఎముక నొప్పి సాధారణంగా పరుగుతో పాటు పెరుగుతుంది. వేలితో నొక్కితే ఒక్క చోటనే తెలుస్తుంది. ముదిరితే రాత్రి పడుకున్నప్పుడూ సలుపుతుంది. ఇందులో కొద్దిపాటిని కూడా ఓర్చుకోకూడదు. స్ట్రెస్ ఫ్రాక్చర్ తొలి వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. కాబట్టి ఎక్స్‌రే బాగుందని పరుగెత్తడం తగదు, అవసరమైతే ఎమ్మారై తీయించాలి. గజ్జలో లోతుగా నొప్పి వస్తే వెంటనే ఆగి వైద్యుని కలవాలి. తుంటి దగ్గరి ఎముక విరిగితే శస్త్రచికిత్స తప్పకపోవచ్చు. బరువు తగ్గాలని తిండి తగ్గించేవారిలో, నెలసరి ఆగిపోయిన మహిళల్లో ఎముక గాయాల ముప్పు ఎక్కువ.

మిగతా రెండు అంశాలు

ఈత, సైకిల్ పూర్తిగా నిరపాయం అనుకోకూడదు. పిక్క గాయం ఉన్నవారు కొలనులో మలుపు తిరిగేటప్పుడు గోడను బలంగా తన్నకూడదు. అకిలీస్ నొప్పి ఉన్నవారు సీటు మీంచి లేచి బరువు గేర్లో ఎత్తు ఎక్కకూడదు. సైకిల్ దిగిన వెంటనే పరుగెత్తే సాధనను అందరూ తొందరగా కోరుకుంటారు. అప్పటికే అలసిన కండరాలు దెబ్బను సరిగా పీల్చుకోలేవు. ఆగకుండా 30 నిమిషాలు హాయిగా పరుగెత్తగలిగాకే, చిన్న సైకిల్ సవారీ తరువాత 5 నిమిషాల పరుగుతో దీన్ని మొదలుపెట్టాలి.

అంతవరకు లోతు నీటిలో, నడుముకు తేలే బెల్టు కట్టుకుని, పాదాలు నేలకు తగలకుండా పరుగు కదలికలు చేయవచ్చు. బ్రిటన్ క్రీడాకారుడు అలిస్టర్ బ్రౌన్లీ 2012 ఆరంభంలో అకిలీస్ గాయమైనప్పుడు నీటిలో పరుగు సాధన చేశాడు. ఆ ఏడాది ఆగస్టు 7న లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. ఆయన వెనుక నిపుణులు ఉన్నారన్న సంగతి మరవకుండా, ఇందులోని పద్ధతిని తీసుకోండి, వేగాన్ని కాదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

టిబియా గాయం నుంచి కోలుకుంటున్న ఒక సాధకురాలు 2-3 దశలో ఉన్నారు. పరుగులో ఆయాసం లేదు. సాధన చివర మోకాలి కింద ఒకే చోట నొప్పి మొదలై, రాత్రికి తగ్గింది. పోటీ ఆరు వారాల్లో ఉంది. మర్నాడు ఆమె ఏం చేయాలి? కారణాలతో పది వాక్యాల్లో రాయండి.