పురుగు చెప్పిన ఆయుష్షు రహస్యం

పుట్టిన మూడో రోజుకు పెద్దదైపోతుంది. రెండో వారం దాటేసరికి ముసలిదవుతుంది. కదలిక మందగిస్తుంది, కండరాలు సడలిపోతాయి. మూడో వారానికల్లా దాదాపు ఆయువు చెల్లినట్లే! ఒక్క మిల్లీమీటరు పొడవుండే ఈ పురుగు పేరు సి.ఎలిగాన్స్. మన కడుపులో చేరే ఏలికపాములకు దూరపు చుట్టమే కానీ మన జోలికి రాదు. కుళ్లిన పండ్లమీదా ఆకుల్లోనూ సూక్ష్మజీవుల్ని తింటూ బతుకుతుంది. ముసలితనం ఎందుకొస్తుందన్న ప్రశ్నకు ముఖ్యమైన జవాబులు కొన్ని దొరికింది ఈ అల్పజీవి దగ్గరే.

దీని ఒళ్లంతా పారదర్శకం. మైక్రోస్కోపు కింద పెడితే లోపలి కణాలు కనిపిస్తాయి. పైగా ఎలుక ముసలిదవ్వాలంటే రెండేళ్లు ఆగాలి. దీని జీవితమంతా నెలలోపే చూసేయొచ్చు. అందుకే 1960ల్లో సిడ్నీ బ్రెన్నర్ పరిశోధనలకు దీన్ని ఎంచుకున్నారు.

ఒక్క మార్పుతో రెట్టింపు

యంత్రం అరిగినట్లే శరీరమూ అరిగిపోతుంది, అదే ముసలితనం... చాలాకాలం ఎక్కువమంది నమ్మకం ఇదే. ఏజ్-1 అనే జన్యువులో తేడా ఉన్న పురుగులు ఎక్కువకాలం బతుకుతాయని 1988లో థామస్ జాన్సన్ బృందం చెప్పింది. 1993లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సింథియా కెన్యన్ బృందం మరో అడుగు ముందుకేసింది. డాఫ్-2 అనే జన్యువు బలహీనపడిన పురుగులు రెట్టింపు కాలం బతికాయి. అదీ మూలనపడి కాదు, తోటివి చచ్చిపోతున్న వయసులో ఇవి చురుగ్గా పాకుతూ ఉన్నాయి!

మేస్త్రీ లోపలికొస్తే...

1997లో గుట్టు కొంత వీడింది. మన ఒంట్లో ఇన్సులిన్ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్ లాంటిదాన్నే డాఫ్-2 తయారుచేస్తుందని గ్యారీ రవ్‌కన్ బృందం గుర్తించింది.

ఇక్కడే డాఫ్-16 అనే మరో జన్యువు కథలోకి వస్తుంది. దాని ప్రొటీన్‌ను ఓ మేస్త్రీ అనుకుందాం. తిండి పుష్కలంగా ఉండి డాఫ్-2 చురుగ్గా పనిచేస్తున్నంతసేపూ మేస్త్రీని కణ కేంద్రకం గడప బయటే నిలబెడుతుంది. దాని పట్టు సడలిందా... మేస్త్రీ లోపలికొచ్చి కొన్ని జన్యువుల్ని పనిలోకి పిలుస్తాడు, కొన్నింటిని ఆపుతాడు. పాడైన ప్రొటీన్లను సరిచేసేవీ, హానికర పదార్థాల్ని విరిచేవీ, క్రిములతో పోరాడేవీ ఒక్కసారిగా రంగంలోకి దిగుతాయి. డాఫ్-16 లేని పురుగుల్లో డాఫ్-2ను ఎంత బలహీనపరచినా ఆయుష్షు పెరగలేదు. అంటే, ఆయువు పోసింది కొత్త జన్యువేదీ కాదు. ఉన్నవాటిలో ఏది ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే అదుపు!

ఈ ఏర్పాటు ఎందుకంటే... కరవు ఏడాదిలో ఇంటి పెద్ద పెళ్లి వాయిదా వేసి, ముందు కప్పు బాగుచేయించినట్లే. తిండి దొరకనప్పుడు పిల్లపురుగులు ఎదుగుదల ఆపేసి నెలల తరబడి ప్రాణం నిలుపుకోవడం వెనకా ఈ జన్యువులే ఉన్నాయి.

మరి మనకు?

డాఫ్-16 వరస జన్యువులు మనలోనూ ఉన్నాయి. వాటిలో ఒకటి ఫాక్సో3. హవాయిలోని జపాన్ సంతతి పురుషుల్ని పరిశీలించి 2008లో వెలువరించిన అధ్యయనంలో, ఈ జన్యువులోని ఒక రకం తొంభై అయిదేళ్లు దాటినవారిలో ఎక్కువగా కనిపించింది. అలాగని మన ఒంట్లో ఇన్సులిన్ సంకేతాన్ని ఆపేస్తే వచ్చేది నిండు ఆయుష్షు కాదు, మధుమేహం. పురుగుల్లోనైనా డాఫ్-2 బలహీనపడితేనే మేలు, పూర్తిగా పోతే అవి సరిగ్గా ఎదగనే ఎదగవు. కాబట్టి ఆయుష్షు పెంచే మాత్ర అంటూ ఎవరైనా అమ్మజూపితే నమ్మాల్సిన పనిలేదు.

కానీ ముసలితనమంటే అరుగుదల ఒక్కటే కాదనీ మరమ్మతు మందగించడం కూడాననీ ఆ పురుగు తేల్చిచెప్పింది. ఆ మరమ్మతును కాస్త ఎక్కువకాలం సాగనివ్వడమెలా అన్నదే ఇప్పుడు పరిశోధకుల తపన. మన పెద్దలు కూడా ఉత్తినే నూరేళ్లు బతకమని దీవించరు కదా... 'నూరేళ్లు చల్లగా బతకమ్మా' అంటారు!