వాన లెక్కకు గడి ఎంత వెడల్పు?

పాతపట్నం వైపు చెరువు కింద పల్లం చేసే రైతును జూలైలో వాన ఎలా పడిందని అడగండి. "పడిందిలెండి, మధ్యలో ఆకుమడి ఎండింది" అంటాడు. నెల లెక్క కాగితంలో మాత్రం వర్షం చాలినంత అనే ఉంటుంది. రెండూ నిజమే. తేడా అంతా గడి వెడల్పులో ఉంది.

వానను తేదీల వెంట సోపాన చిత్రంగా గీసేటప్పుడు ఒక్కో కమ్మీకి ఎన్ని రోజులివ్వాలి? మచ్చుకొక లెక్క కల్పించి చూద్దాం. జూలై 3 నుంచి 5 వరకు 110 మిల్లీమీటర్లు పడింది. 12న 4, 18న 4. మళ్ళీ 27 నుంచి 29 వరకు 40, ఆఖరి రెండు రోజుల్లో 22. మొత్తం 180. నెలకొక కమ్మీ గీస్తే అది నిండుగా నిలబడుతుంది. వాతావరణ శాఖవారి వారాల ప్రకారం గీయండి: 2–8 వారానికి 110, తరువాతి రెండు వారాలకు నాలుగేసి, 23–29కి 40. ఆకు ఎండిన రోజులు కళ్ళకు కడతాయి.

మన పెద్దలు ఏనాడో కార్తెలని గడులు పెట్టుకున్నారు. ఒక్కొక్కటి 13, 14 రోజులు. పై లెక్కలో పునర్వసు, అంటే ఇంచుమించు జూలై 6–19, ఎనిమిది దగ్గరే కుంగిపోతుంది. బాగానే ఉంది. కాని పుష్యమి మొదట్లో 20 నుంచి 26 వరకు చుక్క రాలలేదన్న మాట వెనకవచ్చిన వాన కింద మరుగుపడుతుంది. ఎద చల్లే అదనుకు కార్తె చాలు. ఉభాలకు ముందు ఆకుమడి తడి చూసుకోవాలంటే వారం కావాలి. పైరు ఎన్నాళ్ళ ఎండకు తాళలేదో, గడి అంతకు మించి వెడల్పు ఉండరాదు.

అలాగని రోజుకొక గడి పెడదామా? ఒక్క ఏడాదికైతే సరే. ముప్పై ఏళ్ళ సగటును అలా గీస్తే రంపం పళ్ళే మిగులుతాయి. ఏదో ఏట వచ్చిన తుపాను ఒక తేదీని ఎత్తి నిలబెడితే, ఆ తేదీకే ఏదో మహిమ ఉందనుకుంటాం.

గడి అంచు కూడా చూసుకోవాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. హస్త వెళ్ళి చిత్త వచ్చేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. కార్తెల చిత్రంలో ఇలాంటి వాన రెండు కమ్మీలుగా చీలి చిన్నదిగా కనబడవచ్చు. 8–14 వారంలో ఒకే ముద్దగా ఉంటుంది. పైగా వానమాపకం చూసేది ఉదయం 8.30కి. రాత్రి పడ్డ వాన మర్నాటి తేదీకి జమ అవుతుంది.

గడులు సమానంగా లేకపోతే వానను రోజుల సంఖ్యతో భాగించి గీయాలి. డిసెంబరు 24–31 వారానికి ఎనిమిది రోజులు మరి!

లెక్కలు రాసే వ్యవసాయ సహాయకులకు ఒక మాట. ఆదివారం కొలత తప్పితే అక్కడ సున్న వేయకండి, ఖాళీ ఉంచండి. సోమవారం కొలిచినది రెండు రోజుల వాన అని పక్కన రాయండి. ఆ రెండు రోజులూ ఒకే వారపు గడిలో ఉంటే లెక్క చెడదు. రోజువారీ చిత్రంలో మాత్రం లేని ఎండా, లేని వరదా పుట్టుకొస్తాయి.