మానై వంగునా?

"మొక్కై వంగనిది మానై వంగునా?" అనే సామెత మీరు చాలాసార్లు వినే ఉంటారు. పెద్దవాళ్లు దీన్ని సాధారణంగా మీ మీదే ప్రయోగిస్తారు. కాని కాస్త ఆలోచించి చూడండి. ఈ సామెత చెబుతున్నది నిజానికి పెద్దవాళ్ల సంగతే! చిన్నప్పుడు నేర్చుకోనిది పెద్దయ్యాక ఇక రాదని దీని భావం. ఇది ఎంతవరకు నిజం? సామెత కదా అని తల ఊపి ఊరుకోకుండా పరీక్షించి చూద్దాం. పరీక్షకు ఒక పరికరం కావాలి. ఎలక్ట్రిక్ గిటార్‌ను తీసుకుందాం.

గిటారే ఎందుకంటారా? యాభై మూడేళ్లు వచ్చాక నేను దాన్ని నేర్చుకోవడం మొదలుపెట్టాను గనక! మా వీధి పిల్లలు "మాస్టారూ, మీరిప్పుడు ఎన్నో క్లాసు?" అని అడుగుతుంటారు. ఒకటో తరగతే అని చెబుతుంటాను.

ముందు ఈ వాద్యం సంగతి తెలుసుకుందాం. మీ ప్రయోగశాలలో సోనోమీటరు ఉంటుంది కదా! చెక్కపెట్టె మీద బిగించిన తీగ, దాని కింద రెండు బ్రిడ్జీలు, చివర వేలాడే బరువులు. గిటార్ అంటే ఆరు తీగల సోనోమీటరే. బరువులకు బదులు వీణకున్నట్లు బిరడాలు ఉంటాయి. తీగ పొడవు తగ్గినా, తన్యత పెరిగినా పౌనఃపున్యం పెరుగుతుంది. తీగ లావైతే తగ్గుతుంది. ఫ్రాన్సు దేశస్థుడు మెర్సెన్ 1636లో ప్రచురించిన నియమాలివి. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు, అన్నిటికంటే సన్న తీగ 330 సార్లు కంపిస్తాయి.

మామూలు గిటార్‌కు బోలు పొట్ట ఉంటుంది. తీగ కంపనాలను ఆ చెక్క, లోపలి గాలి అందుకుని బిగ్గరగా వినిపిస్తాయి. ఎలక్ట్రిక్ గిటార్లలో చాలావాటికి అలాంటి పొట్ట లేదు, గట్టి చెక్కపలక మాత్రమే ఉంటుంది. కరెంటు లేకుండా మీటితే పక్కగదిలో వారికి కూడా సరిగా వినపడదు. (రాత్రిపూట సాధన చేసేవారి ఇంటిల్లిపాదికీ ఇది గొప్ప ఉపకారం.) మరి సభ దద్దరిల్లే ఆ ధ్వని ఎక్కడి నుంచి వస్తుంది?

తీగల కింద చిన్న డబ్బీ వంటిది ఒకటి ఉంటుంది. దాన్ని పికప్ అంటారు. అందులో అయస్కాంతాలు, వాటి చుట్టూ దాదాపు వెంట్రుకంత సన్నని రాగితీగ వేలాది చుట్లు ఉంటాయి. పైనున్న ఉక్కు తీగను ఆ అయస్కాంతాలు తాత్కాలికంగా మరో అయస్కాంతంగా మారుస్తాయి. ఆ తీగను మీటామనుకోండి. అది అటూ ఇటూ ఊగుతున్నంతసేపు రాగిచుట్టలోంచి పోయే అయస్కాంత అభివాహం మారుతూ ఉంటుంది. అభివాహం మారితే చుట్టలో విద్యుత్తు పుడుతుందని ఫారడే 1831లోనే చూపించాడు. విద్యుదయస్కాంత ప్రేరణ అంటే ఇదే! తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తే 82 హెర్ట్జ్‌ల ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. అది చాలా బలహీనం. వోల్టులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. యాంప్లిఫైయర్ దాన్ని బలపరచి స్పీకర్‌కు పంపుతుంది.

అంటే ఈ వాద్యానికి కావలసింది గాలిలోని శబ్దం కాదు, ఉక్కు కదలిక. ఉక్కు తీగ తీసేసి నైలాన్ తీగ బిగిస్తే ఎంత గట్టిగా మీటినా స్పీకర్ మూగగానే ఉంటుంది. ఇటువంటి పికప్‌కు అమెరికాలో జార్జ్ బోషాం 1937లో పేటెంటు పొందాడు. ఆ తరువాత ఈ గిటార్ల తయారీలో ఎంతో పేరు తెచ్చుకున్న లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి. ఆయనకు గిటార్ వాయించడం రాదు! చేసేవాడు ఒకరు, వాయించేవాడు మరొకరు.

ఇప్పుడు వేళ్ల దగ్గరకు వద్దాం. గిటార్ మెడ మీద వీణకున్నట్లే మెట్లు ఉంటాయి. వీణ మెట్లను మైనంలో నిలబెడతారు. గిటార్ మెట్లు చెక్కలో దిగగొట్టిన లోహపు కడ్డీలు. ఏ మెట్టు వెనుక వేలు నొక్కితే అక్కడి నుంచే తీగ కంపిస్తుంది. పన్నెండో మెట్టు సరిగ్గా తీగ సగానికి వస్తుంది. అక్కడ పౌనఃపున్యం రెట్టింపు. మిగిలిన మెట్లు ఎక్కడ ఉండాలి? కంపించే తీగ మొత్తం పొడవు 648 మిల్లీమీటర్లు అనుకుందాం. దాన్ని 17.817 చేత భాగించండి. సుమారు 36.4 వస్తుంది. తల నుంచి అంత దూరంలో మొదటి మెట్టు. మిగిలిన పొడవును మళ్లీ 17.817 చేత భాగిస్తే రెండో మెట్టు దూరం. ఇలా పన్నెండుసార్లు చేసి, చివరకు 324 మిగులుతుందో లేదో మీరే చూడండి. మెట్ల మధ్య ఎడం క్రమంగా తగ్గుతూ పోవడం గమనించారా? ఈ సంగతి గుర్తుంచుకోండి, మనకు మళ్లీ అవసరమవుతుంది.

ఎలక్ట్రిక్ గిటార్ తీగలు సన్నవి. ఒక్కొక్కటి 5 నుంచి 7 కిలోల బరువు వేలాడదీసినంత బిగువుగా ఉంటుంది. పెద్ద వయసులో మొదలుపెట్టేవారికి ఇది కాస్త సులువు. అయినా మొదటి వారాల్లో వేలికొసలు మండుతాయి. రోజూ నొక్కుడు పడుతుంటే చర్మం పై పొర కెరాటిన్‌తో మందమవుతుంది. నాగలి పట్టే అరచేతులు కాయలు కాసేదీ ఇలాగే. చర్మం సంగతి ఇంతే. అది వయసు అడగదు. అసలు చిక్కు మెదడుతోనే.

సామెత పక్షాన బలమైన సాక్ష్యాలే ఉన్నాయి. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ను తలుచుకోండి. కర్ణాటక సంగీతానికి పనికిరాదనుకున్న వాద్యాన్ని ఎలక్ట్రిక్ మాండలిన్‌గా చేతబట్టి బాల్యంలోనే కచేరీలు చేశాడు. మొక్కై వంగినవాడు! 1995లో జర్మనీలో థామస్ ఎల్బర్ట్, ఆయన సహచరులు తంత్రీవాద్యాలు వాయించేవారి మెదళ్లను పరిశీలించారు. ఎడమచేతి వేళ్ల స్పర్శకు స్పందించే భాగం మామూలు వాళ్లలో కంటే వీళ్లలో పెద్దదిగా కనిపించింది. చిన్న వయసులో మొదలుపెట్టినవారిలో అది మరింత పెద్దది.

అయితే పెద్దవాళ్ల పని ఇక అంతేనా? ఇక్కడ ఒక గుడ్లగూబ సాక్ష్యం చెప్పవలసి ఉంది.

పాడుబడిన గుళ్లలో, పాత మేడల్లో తెల్లని ముఖం గల గుడ్లగూబను మీలో కొందరు చూసి ఉంటారు. చిమ్మచీకట్లో ఎలుక చేసే చప్పుడు విని, అది ఎక్కడుందో కచ్చితంగా పోల్చుకోగల పక్షి అది. దాని మెదడులో శబ్దానికి ఒక పటం, చూపుకు ఒక పటం ఒకదానిపై ఒకటి సరిగా అమరి ఉంటాయి. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ నుడ్‌సెన్ గుడ్లగూబలకు పట్టకాలతో చేసిన కళ్లజోళ్లు తగిలించాడు. దాంతో కనిపించేదంతా 23 డిగ్రీలు పక్కకు జరిగింది. గుడ్లగూబ కళ్లు మన కళ్లలా తిరగవు. ఎదురుగా వినిపించే ఎలుక పక్కన కనిపిస్తుంది. పాపం, పెద్ద తికమక! పిల్ల గుడ్లగూబలు కొన్ని వారాల్లో తమ శబ్దపటాన్ని కొత్త చూపుకు తగినట్లు సర్దుకున్నాయి. ముదురు గుడ్లగూబలు మాత్రం దాదాపు ఏమీ మారలేదు. సామెత గెలిచినట్లే ఉంది కదూ!

కాని నుడ్‌సెన్, ఆయన సహచరి లింకెన్‌హోకర్ అక్కడితో ఆగలేదు. ముదురు గుడ్లగూబలకు ఒక్కసారిగా 23 డిగ్రీల అద్దాలు పెట్టడం మానేశారు. ముందు 6 డిగ్రీలు. దానికి అలవాటు పడ్డాక 11. తరువాత 17. చివరకు 23. ఈసారి ముదురు గుడ్లగూబలు చాలావరకు సర్దుకున్నాయి! అంతేకాదు, ఒకసారి ఇలా మెల్లగా నేర్చుకున్న పక్షులకు తరువాత పెద్ద మార్పును ఒకేసారి పెట్టినా మునుపటికంటే బాగా తట్టుకున్నాయి. 2002లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

గుడ్లగూబ మనిషి కాదు, చూపు సర్దుకోవడం గిటార్ వాయించడం కాదు. ఆ తేడా మరచిపోకూడదు. అయినా న్యూయార్క్‌లో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడుగా ఉన్న గ్యారీ మార్కస్‌కు ఈ ప్రయోగం ఎంతో ధైర్యమిచ్చింది. నలభైకి చేరువలో గిటార్ పట్టి, ఆ అనుభవం మీద 2012లో ఒక పుస్తకమే రాశాడాయన.

ఆరు డిగ్రీల అద్దం గిటార్‌లో ఎలా ఉంటుందో చెబుతాను. కొన్ని స్వరాలను ఒకేసారి మోగించడాన్ని కార్డు అంటారు. ఇ మైనర్ కార్డుకు రెండు వేళ్లు చాలు: నాలుగు, ఐదు తీగలను రెండో మెట్టు దగ్గర నొక్కాలి. మూడో తీగ మొదటి మెట్టు దగ్గర మరో వేలు చేర్చితే ఇ మేజర్. ఆ మూడు వేళ్ల అమరికను చెడగొట్టకుండా ఒక్క తీగ కిందికి జరిపితే ఏ మైనర్. చూశారా, మూడు కార్డులకు మూడు చిన్న అడుగులు!

తరువాత వచ్చేది ఎఫ్. చాలామంది పెద్దవాళ్లు గిటార్‌ను అటక ఎక్కించేది ఇక్కడే. చూపుడువేలిని అడ్డంగా పరచి మొదటి మెట్టు దగ్గర ఆరు తీగలనూ నొక్కి, మిగిలిన మూడు వేళ్లతో ఇ మేజర్ అమరికను పట్టాలి. ఇది 23 డిగ్రీల అద్దం! ఎందుకింత కష్టం? పెరట్లో దండెం తీగను మధ్యలో కిందికి లాగి చూడండి, సులువుగా వంగుతుంది. గుంజ దగ్గర లాగండి, మొండికేస్తుంది. గిటార్ తీగకు తల దగ్గర ఉన్న ఆధారమే గుంజ. మొదటి మెట్టు దానికి మరీ దగ్గర. పైగా అక్కడ మెట్ల మధ్య ఎడం 36 మిల్లీమీటర్లు కనుక వేళ్లు బాగా చాచాలి. ఐదో మెట్టు దగ్గరైతే ఎడం 29 మిల్లీమీటర్లే, గుంజ కూడా దూరం.

కాబట్టి అదే అమరికను ముందు ఐదో మెట్టు దగ్గర పట్టాలి. అక్కడది ఏ మేజర్ అవుతుంది. ఆరు తీగలూ స్పష్టంగా మోగాక నాలుగో మెట్టుకు, తరువాత మూడుకు, రెండుకు, చివరకు ఒకటికి దిగాలి. ప్రస్తుతం నేను మూడో మెట్టు దగ్గర ఉన్నాను.