ఆరో ఖండానికీ ఏడో ఖండానికీ మధ్య

"రెండు భాగాలూ ఉంటేనే పనిచేసే అవయవం పరిణామంలో ఎలా పుట్టింది? సగం అవయవం ఎందుకూ కొరగాదు కదా?" అని ఒక పాఠకురాలు అడిగారు. విత్తు ముందా చెట్టు ముందా లాంటి ఈ ప్రశ్నకు నేనైతే డాలోషియా కొరియారియా అనే పురుగును చూపిస్తాను. మూడు నాలుగు మిల్లీమీటర్ల రోవ్ బీటిల్ అది.

రోవ్ బీటిళ్లలో 60,000కు పైగా జాతులున్నాయి. అడవి నేలమీద కుళ్లే ఆకుల పొరల్లో ఇవి కొల్లలు. పెంకు రెక్కలు పొట్టివి కాబట్టి ఒళ్లు ఎటుపడితే అటు వంచి సందుల్లో దూరగలవు. కానీ పొట్టకు కవచం లేదు, చుట్టూ చీమలు. మరి రక్షణ?

పొట్ట మీద ఆరో, ఏడో ఖండాల మధ్య ఒక గ్రంథి ఉంది. చీమ పట్టుకోగానే డాలోషియా తోక పైకి వంచి అందులోని రసం దాని ఒంటికి పూస్తుంది. మంట పుట్టించేవి బెంజోక్వినోన్లు. చిక్కేమిటంటే అవి ఘనపదార్థాలు, వాటంతట అవి చీమకు అంటవు. అందుకని పక్కనే మరో రకం కణాలు అండెకేన్, కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు తయారుచేసి వాటిని కరిగిస్తాయి. ఆ ద్రావకం ఒక్కటే ఉంటే చీమ పెద్దగా పట్టించుకోదు. విషం లేని ద్రావకం, ద్రావకం లేని విషం, రెండూ దండగే!

ఇలాంటి చోటే కొందరు బోల్తా పడ్డారు. శత్రువు మీద వేడి రసాయనాలు చిమ్మే బాంబార్డియర్ బీటిల్ ఒంట్లోని రెండు రసాయనాలూ కలిస్తే చాలు పేలిపోతాయని, కాబట్టి అది మెల్లగా పరిణమించే వీలే లేదని సృష్టివాది డ్వేన్ గిష్ వాదించాడు. జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ ఆ రెంటినీ, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌నీ హైడ్రోక్వినోన్‌నీ, కలిపి చూశాడు. ఏమీ కాలేదు. ఎంజైములు తోడైతేనే ఆ పేలుడు. వాదించే ముందు ఒక గాజు గ్లాసు తెచ్చుకుని ఉంటే సరిపోయేది.

డాలోషియా గుట్టు 2021లో కాల్‌టెక్‌లో జో పార్కర్ బృందం విప్పింది. ద్రావకం చేసేవి మొదట మామూలు చర్మకణాలు. కొవ్వును నిల్వచేసే కణాల్లోనూ, ఒంటి మీది మైనపు పూతను తయారుచేసే కణాల్లోనూ ఏనాటి నుంచో ఉన్న జన్యువులే వీటిలోనూ పనిచేయడం మొదలుపెట్టాయి. క్వినోన్ల తయారీ కూడా కొత్తగా పుట్టింది కాదు. మన కణాల్లో కూడా శక్తి ఉత్పత్తికి కావలసిన యుబిక్వినోన్ ఉంది కదా, దాని తయారీకి దగ్గరి చుట్టమే ఇది. చివరి మెట్టు ఒక లాకేస్ ఎంజైముది. దాని జన్యువును అణిచేస్తే క్వినోన్లు ఆగిపోయాయి. అంటే సగం అవయవం ఊరికే కూర్చుని మిగతా సగం కోసం ఎదురుచూడలేదు. ముక్కలన్నీ ఒంట్లోనే వేరే ఉద్యోగాల్లో ఉన్నాయి.

మన వరిపొలాల దగ్గర దీపాలకు వచ్చి, ఒంటిమీద నలిగితే బొబ్బలెక్కించే పిడెరస్ కూడా రోవ్ బీటిలే. దాని విషం మాత్రం సొంత తయారీ కాదు, ఒంట్లో కాపురమున్న బాక్టీరియాది. నా దృష్టిలో డాలోషియాదే అసలు పనితనం.

ఉపయోగమా? గ్రీన్‌హౌస్‌లలో తామర పురుగులనూ కుండీ మట్టిలోని ఈగ పిల్లలనూ తింటుందని దీన్ని డబ్బాల్లో పోసి అమ్ముతారు. ఆ డబ్బాల మీద ఈ గ్రంథి ఊసైనా ఉండదు.