చింతచెట్టు కిందికి కూడా వినబడాలి

ఈసారి గోడపత్రికలో నేను మైకు గురించి రాస్తున్నాను. మైకు గురించి ఏముంటుందని నవ్వకండి, చివరిదాకా చదవండి.

పోయిన ఏడాది ఆగస్టు 9న మన గ్రౌండులో ఆదివాసీ దినోత్సవం జరిగింది కదా. ఈ రోజును ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించింది. ఆరోజు మా అవ్వ, నాన్న కొండ దిగి నడిచి వచ్చారు. కుర్చీలు నిండిపోయాయని వెనకాల చింతచెట్టు కింద కూర్చున్నారు. కులం సర్టిఫికెట్ల క్యాంపు ఏ రోజో ఒక సారు మైకులో చెప్పారు. ముందువాళ్ళు చెవులు మూసుకున్నారు. వెనకవాళ్ళకి కుయ్ మనే కూత తప్ప ఏమీ వినపడలేదు. "ఏటే, ఆ సారు ఏటన్నాడు? ఒక్క ముక్కా వినపడనేదు" అని అవ్వ నన్నడిగింది. నేను థింసాకి చీర కట్టుకుంటూ ఉన్నాను, నాకూ తెలీదు. నాన్న వేరే రోజున వెళ్ళి ఉత్తచేతులతో వచ్చాడు. ఒకరోజు కూలి పోయింది. నా సర్టిఫికెట్ ఇంకా రాలేదు.

"మీ మైకు కన్నా మన బారికే నయం" అంది అవ్వ. నిజమే. బారిక ఒక్కచోట నిలబడి గొంతు చించుకోడు. ఊరి ఈ చివర ఓసారి, నడుమ ఓసారి, ఆ చివర ఓసారి చెప్తాడు. మైకు కూడా అలాగే పెట్టాలి. సైన్సు మేడమ్‌ని, మైకుసెట్టు అన్నయ్యని అడిగి తెలుసుకున్నవి ఇవి.

1. కూత ఎందుకొస్తుంది? బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకి వెళ్తుంది. అది పెద్దదై మళ్ళీ బాక్సులోంచి వస్తుంది. ఇలా తిరిగి తిరిగి కుయ్ మంటుంది. అందుకని బాక్సులు మైకుకి ముందువైపు, జనం వైపు తిప్పి ఉండాలి. మాట్లాడేవాళ్ళు మైకుని నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకోవాలి. జాలీని చేత్తో మూయకూడదు.

2. వెనక ఎందుకు వినపడదు? గదిలో గోడలు శబ్దాన్ని తిప్పి పంపుతాయి. గ్రౌండులో గోడల్లేవు. దూరం రెట్టింపైతే శబ్ద తీవ్రత నాలుగో వంతే మిగులుతుంది. 10 మీటర్ల దగ్గర ఉన్నదానిలో 40 మీటర్ల దగ్గరికి 16వ వంతే చేరుతుంది. సౌండు పెంచితే ముందువాళ్ళ చెవులు పోతాయి, అంతే. బాక్సుల్ని తలలకంటే ఎత్తున కట్టాలి. గ్రౌండు మధ్యలో ఇంకో రెండు, అదే వైపు తిప్పి, చిన్న సౌండుతో పెట్టాలి. శబ్దం సెకనుకి ఇంచుమించు 340 మీటర్లు పోతుంది. 68 మీటర్లు పోవడానికి 0.2 సెకన్లు పడుతుంది. కాబట్టి బాక్సులు మరీ దూరమైతే ఒకేమాట రెండుసార్లు వినిపిస్తుంది. అలాంటప్పుడు నెమ్మదిగా, ఆగి ఆగి మాట్లాడాలి.

3. తుడుం, డప్పు పక్కన మైకు అక్కర్లేదు. వాటి గొంతు వాటికి చాలు. పాట పాడే అవ్వలకి మైకు ఇవ్వాలి.

4. వీడియో పగలు కనపడదు. పోయినసారి 5 గంటలకే వేశారు, తెల్లగుడ్డ తప్ప ఏమీ చూడలేదు. ఆగస్టులో మనకి ఆరున్నర దగ్గర పొద్దు గుంకుతుంది. 7 దాటాక వెయ్యాలి. తెర బిగించి కట్టాలి. దాని అడుగు అంచు, కూర్చున్నవాళ్ళ తలలకంటే పైన ఉండాలి.

5. కరెంటు లెక్క వేసుకోవాలి. ఆంప్లిఫయరు 250 వాట్లు, ప్రొజెక్టరు 300, తొమ్మిది వాట్ల బల్బులు పది అంటే 90 అనుకుందాం. మొత్తం 640. ఒక కేవీఏ జనరేటరు ఇంచుమించు 800 వాట్లే ఇస్తుంది. రెండు కేవీఏది అయితే నిశ్చింత. దాన్ని జనానికి, గదులకి దూరంగా పెట్టాలి. దాని పొగ ప్రాణం తీస్తుంది.

6. ఆగస్టు అంటే వానలు. స్విచ్చిబోర్డు నేలమీద కాకుండా బల్లమీద, టార్పాలిన్ కింద పెట్టాలి. ఎర్తు తప్పనిసరి. తడిచేతులతో మైకు స్టాండు ముట్టుకోకూడదు. వైర్ల పని పెద్దవాళ్ళదే, మనం చెయ్యి పెట్టొద్దు.

7. 2000 సంవత్సరం నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం మైకుకి ముందే అనుమతి రాయించుకోవాలి. మామూలుగా రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా ఆరుబయట మైకు పెట్టరాదు.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. ఈసారి ముందురోజే చూసుకుందాం. ఒకమ్మాయి స్టేజీ మీద పేపరు చదవాలి. నలుగురు నాలుగు మూలల్లో, ఒకరు చింతచెట్టు కింద నిలబడాలి. వినపడినవాళ్ళు చెయ్యి ఎత్తాలి. అయిదు చేతులూ లేచేదాకా బాక్సులు జరపాలి. ముఖ్యమైన తేదీలు మూడుసార్లు చెప్పించండి, ఒకసారి మన భాషలో కూడా. చదువు రాని మా అమ్మానాన్నలకి నోటీసుబోర్డు కన్నా చెవే దిక్కు.

చింతచెట్టు దగ్గర నేను నిలబడతాను. అవ్వ మళ్ళీ వస్తానంది, అక్కడే కూర్చుంటుందట.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి