వైద్యం చేసేవారి మాట వినాలి
మానసిక వైద్యసేవల్లో లోపం ముందుగా తెలిసేది క్షేత్రస్థాయి సిబ్బందికే

మెదక్‌: మానసిక రోగికి ఊరికి దగ్గరలోనే వైద్యం అందాలన్న ఆశయంతో 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆరంభమైంది. కర్ణాటకలోని బళ్లారిలో నిమ్హాన్స్‌ నిర్వహించిన ప్రయోగం స్ఫూర్తితో 1996లో దీనిని జిల్లా స్థాయికి తెచ్చారు. దేశంలో తొలుత ఎంపికైన నాలుగు జిల్లాల్లో నాటి మెదక్‌ జిల్లా ఒకటి. ప్రభుత్వ నిధులతో నడిచే ఈ సేవలు ఎలా సాగుతున్నాయో తెలుసుకోవాలంటే రోగులతోపాటు వైద్యం చేసేవారినీ అడగాలి.

లెక్కకు అందనిది
ఎన్ని శిబిరాలు జరిగాయి, ఎందరు వచ్చారు అన్నవి నివేదికల్లో కనిపిస్తాయి. రావడం మానినవారు ఎందుకు మానారో కనిపించదు. స్కిజోఫ్రీనియా రోగి మాత్రలతో కోలుకుని పొలం పనికి వెళుతున్నాడనుకుందాం. ఆసుపత్రిలో మాత్రలు నిండుకుంటే బయట కొనే స్తోమత ఆ ఇంటికి ఉండదు. మందు ఆగితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. రిజిస్టరులో మాత్రం ‘రాలేదు’ అన్న ఒక్క మాటే మిగులుతుంది. అసలు కారణం తెలిసినవారు మందులిచ్చే ఫార్మసిస్టు, ఆ ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్త.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షను ప్రకారం, అత్యవసర మందుల జాబితాలో ఉన్నవన్నీ సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలు పైస్థాయి ప్రభుత్వాసుపత్రులన్నింటిలో మానసిక రోగులకు అన్నివేళలా ఉచితంగా లభించాలి. ఈ హక్కు అమలవుతున్నదీ లేనిదీ ముందుగా తెలిసేదీ వీరికే.

ఏమి అడగాలి?
‘సేవలు బాగున్నాయా?’ అని అడిగితే ‘బాగున్నాయి’ అన్న జవాబే వస్తుంది. ప్రశ్న సూటిగా ఉండాలి.
* గత నెలలో ఏ మందు ఎన్ని రోజులు లేదు?
* జిల్లా ఆసుపత్రికి పంపినవారిలో ఎందరు అక్కడికి చేరారు?
* రోగితో ఏకాంతంగా మాట్లాడేందుకు గది ఉందా?
* సందేహం వస్తే ఫోనులో సలహా ఇచ్చే మానసిక వైద్యుడు ఉన్నారా?
* గడువుకు రానివారి ఇంటికి వెళ్లేందుకు సమయం, ప్రయాణ ఖర్చు లభిస్తున్నాయా?

ఎలా అడగాలి?
సమీక్షా సమావేశంలో పైఅధికారి ఎదుట నిలబెట్టి అడిగితే నిజం బయటకు రాదు. ఒప్పంద ఉద్యోగికి కొలువు భయం, ఆశా కార్యకర్తకు పారితోషికం భయం ఉంటాయి. ప్రశ్నపత్రం తెలుగులో ఉండాలి, పేరు రాయించుకోరాదు. ఒక కేంద్రంలో కౌన్సెలర్‌ ఒక్కరే ఉంటే పేరు తీసేసినా మనిషి తెలిసిపోతారు. అందుచేత కొన్ని మండలాల జవాబులను కలిపి క్రోడీకరించాలి. రోగుల పేర్లు ఎక్కడా రాకూడదు. ఆ గోప్యత కూడా చట్టం ఇచ్చిన హక్కే.

అయితే సిబ్బంది మాటే పూర్తి సత్యం కాదు. తమ కసురుకోలును ఎవరూ తామై రాసుకోరు. రోగులు, కుటుంబసభ్యులు చెప్పినదానితో సరిపోల్చినప్పుడే లోపం ఎక్కడున్నదో తేలుతుంది.

జవాబు తిరిగి రావాలి
అన్నింటికంటే ముఖ్యమైనది ఆ తరువాతి మెట్టు. సిబ్బంది చెప్పినవాటిలో వేటిని సరిచేశారు, వేటిని చేయలేకపోయారు, కారణమేమిటి అన్నది వారికి తెలియజేయాలి. లేకుంటే మరుసటిసారి తెల్లకాగితాలే తిరిగి వస్తాయి. మాత్రలు లేవన్న కబురు సకాలంలో పైకి చేరి, మందు కిందికి వస్తే ఆ రోగి మళ్లీ మంచం పట్టడు. అభిప్రాయ సేకరణ ఫలితానికి అదే కొలమానం.

(మానసిక సమస్యలపై సలహాకు 2022లో ప్రారంభమైన టెలీ మానస్‌ ఉచిత ఫోను నంబరు: 14416)