పడవ తెచ్చిందే.. పెనం మీదికి

* చెన్నై తీరంలో మీన్ సాప్పాడుకు ఎప్పుడూ గిరాకీయే
* వేట నిషేధమొస్తే ఆకులో చేప మారిపోతుంది
* పులికాట్ బాగుంటేనే పీత పులుసుకు రుచి

చెన్నై: ఆకు వేస్తారు. వేడన్నం పెట్టి ఎర్రటి కొళంబు పోస్తారు. ఆ తర్వాత వడ్డించే అమ్మ అడిగే మాట ఒక్కటే.. ‘ఎన్న మీన్ వేణుం?’ ఏ చేప కావాలని. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు తినేవారి చేతిలో లేదు, వండేవారి చేతిలోనూ లేదు. తెల్లవారుజామున ఒడ్డుకొచ్చిన పడవ ఏం తెచ్చిందో అదే ఆ పూట భోజనం.

కాశిమేడు చేపల రేవు, మెరీనా లూప్ రోడ్డు.. ఈ రెండుచోట్లా మార్కెట్టును ఆనుకునే పెనాలు వెలుగుతుంటాయి. నాలుగు బల్లలు, ఒక పెద్ద పెనం, మసాలా పట్టించిన చేపల పళ్లెం. హోటలంటే అంతే. ఏసీ ఉండదు. పట్టిక కార్డూ ఉండదు. అయినా ఆదివారం మధ్యాహ్నమైతే కూర్చోవడానికి చోటు దొరకదు. ఆస్పత్రి పనికనో, పెళ్లి బట్టలకనో సూళ్లూరుపేట, తడ, నగరి, పుత్తూరు వైపు నుంచి వచ్చే మనవాళ్లు కూడా ఇక్కడ ఓ పూట ఆగుతుంటారు.

పులుసు ఒకటే.. చేయి వేరు

నెల్లూరు చేపల పులుసు రుచి మరిగిన నాలుకకు మీన్ కొళంబు కొత్తగా ఉంటుంది. మన పులుసులో చింతపండు, పచ్చి మామిడికాయ పైచేయి. రాత్రి వండి మట్టి దాకలో ఉంచితే మర్నాటికి మరింత రుచి. ఇక్కడి కొళంబులో చింతపండుతో పాటు చిన్న ఉల్లిపాయలు, టమాటా, ధనియాల పొడి ఎక్కువగా పడతాయి. కొందరు నువ్వుల నూనెతో తాలింపు పెడతారు. ఇంకొందరు చివర్లో కొబ్బరి రుబ్బి పోస్తారు. భోజనంలో కొళంబు అడిగినంత పోయడం చాలాచోట్ల ఉన్న అలవాటు. చేప ముక్కకే వేరే డబ్బు.

వేపుడును ఇక్కడ వరువల్ అంటారు. కారం, పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి దోసె పెనం లాంటి దానిపై కొద్ది నూనెతో కాలుస్తారు. వంజరం ముక్క లెక్కన, సంకర చేప మొత్తంగా, నెత్తళ్లు పళ్లెం లెక్కన ఇస్తారు. ముక్క సైజును బట్టి ధర ఉంటుంది కాబట్టి పెనం మీదకు వెళ్లక ముందే అడగడం మేలు. తిన్నాక అడిగితే గొడవే.

సొర పుట్టు మరో ప్రత్యేకత. సొర చేపను ఉడికించి, పొడిగా చిదిమి, ఉల్లి, వెల్లుల్లి, మిరియాలతో వేయిస్తారు. బాలింతలకు పాలు పడతాయని పెట్టే అలవాటు అక్కడా ఉంది, మన తీరం ఊళ్లలోనూ ఉంది.

పేరు తెలిస్తే మోసం లేదు

భాష రాక ఏదో ఒకటి తినేసి వెళ్లేవారు చాలామంది. పేర్లు తెలుసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. వంజరం, సొర, పార రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. మన చందువ ఇక్కడ వవ్వాల్. పండుగప్పను కొడువా అంటారు. నెత్తళ్లు నెత్తిలి అవుతాయి. కానాగంతలు కానాంగెళుత్తి. కవళ్లు మత్తి. రొయ్య ఇరాల్. పీతను, అంటే మన ఎండ్రకాయను, నండు అని అడగాలి.

వవ్వాల్ దగ్గర కాస్త జాగ్రత్త. సముద్రపు చందువ ఖరీదు ఎక్కువ. ఏరి వవ్వాల్ పేరుతో అమ్మేది మంచినీటి చెరువుల్లో పెరిగే రూప్‌చంద్. చూపుకు చందువలాగే ఉంటుంది. తినడానికి తప్పేమీ లేదు కానీ సముద్రపు ధర పెట్టనక్కర్లేదు. ‘కడల్ వవ్వాలా, ఏరి వవ్వాలా’ అని అడిగితే చాలు. రొయ్యల్లోనూ అంతే. సముద్రం రొయ్య ఉంటుంది, చెరువులో పెంచిన వెనామీ ఉంటుంది. ఆ వెనామీ మన నెల్లూరు వైపు చెరువులదే అయినా ఆశ్చర్యం లేదు.

తాజాదనం చూసేందుకు పెద్ద చదువు అక్కర్లేదు. కన్ను మెరుస్తూ ఉబ్బి ఉండాలి. మొప్ప ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి రావాలి. ముందే కోసి ముక్కలుగా ఉంచిన చేపకు కన్నూ మొప్పా కనిపించవు. అప్పుడు కోత రంగు, వాసనే ఆధారం. కానాగంతలు, సూర చేపల్లాంటివి ఐసు లేకుండా ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ పుడుతుంది. దద్దుర్లు, వాంతులు వస్తాయి. ఎంత వేయించినా అది పోదు. మసాలా ఎంత ఎర్రగా ఉందన్నది కాదు, కింద ఐసు ఉందా లేదా అన్నది చూడాలి.

2018 జూన్‌లో కేరళలో ఫార్మలిన్ కలిపిన చేపల లోడ్లు పట్టుబడినప్పుడు ఆ భయం చెన్నై దాకా పాకింది. నిల్వ చేపపై అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కళ్ల ముందు ఒడ్డుకొచ్చి, కళ్ల ముందే పెనం ఎక్కే చేపకు గిరాకీ ఉండటానికి ఇదీ ఓ కారణం.

61 రోజులు.. బేరాలు తారుమారు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మన రాష్ట్రంలోనూ, తమిళనాడులోనూ ఒకేసారి అమలు చేస్తారు. కాశిమేడులో మరపడవలు 61 రోజులు కదలవు. తమిళనాట చిన్న ఫైబర్ పడవలు మాత్రం తీరానికి దగ్గరలో వేటాడుకుంటాయి. పెద్ద వంజరం తగ్గి చిన్న చేపలు, చెరువు చేపలు పెనం ఎక్కుతాయి. పశ్చిమ తీరంలో నిషేధం జూన్‌లో గానీ మొదలు కాదు కాబట్టి అప్పటిదాకా కేరళ, కర్ణాటక నుంచి ఐసు పెట్టెల్లో సరుకు వస్తుంది. దూరం పెరిగే కొద్దీ ధరా పెరుగుతుంది. సెలవులకు పిల్లలతో వచ్చేవారు ఎక్కువగా ఈ రోజుల్లోనే వస్తారు. ధర చూసి గుండె గుభేలుమంటే తప్పు వండేవారిది కాదు.

ఆ 61 రోజులు గడవడానికి ఇచ్చే భృతిలోనూ తేడా ఉంది. తమిళనాడు 2025లో ఒక్కో కుటుంబానికి రూ.8 వేలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2025లో దాన్ని రూ.10 వేల నుంచి రూ.20 వేలకు పెంచింది.

దీనికి పూర్తి తిరకాసు పెరటాసి నెల. సెప్టెంబరు, అక్టోబరుల మధ్య పెరుమాళ్ల మాసమని చాలా ఇళ్లలో నీచు ముట్టరు. మార్కెట్లో జనం పలచబడతారు, ధరలు దిగొస్తాయి. చిత్తూరు, తిరుపతి వైపు పెరటాసి శనివారాలు పాటించేవారికి ఇది చెప్పనక్కర్లేదు. పట్టింపు లేనివారికి మాత్రం మంచి చేప చవగ్గా దొరికే కాలం ఇదే.

రోడ్డు ముందా.. ఊరు ముందా?

మెరీనా లూప్ రోడ్డులో పెనం పెట్టుకోవడం, చేపల బుట్ట దించుకోవడం అంత తేలిక కాదు. దీపస్తంభం నుంచి పట్టినపాక్కం వైపు సాగే ఈ రోడ్డు పక్కనే నొచ్చికుప్పం వంటి మత్స్యకారుల ఊళ్లున్నాయి. ఇంట్లో మగవాళ్లు కడలికి పోతే, తెచ్చిన చేపను ఆడవాళ్లు రోడ్డు పక్కనే అమ్మేవారు. 2023 ఏప్రిల్‌లో రోడ్డు ఆక్రమణల విషయాన్ని మద్రాసు హైకోర్టు తనకు తానుగా విచారణకు తీసుకుంది. కార్పొరేషన్ సిబ్బంది దుకాణాలు తొలగించడంతో మత్స్యకారులు రోడ్డెక్కారు. రోడ్డు రాక ముందు నుంచీ ఊరు ఉందని, వలలు ఆరేసుకున్న నేల ఇదని వారి వాదన. వాహనాలు పోయే దారి అందరిదీ అన్నది రెండో వాదన.

చివరికి కార్పొరేషన్ అక్కడే సుమారు రూ.15 కోట్లతో కొత్త మార్కెట్ కట్టింది. 2024 ఆగస్టు 12న ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రారంభించారు. 366 దుకాణాలు, చేపలు శుభ్రం చేసే చోటు, మురుగునీటి శుద్ధి ఏర్పాటు ఉన్నాయి. నీడ దొరికింది, నీళ్లు దొరికాయి. కానీ దారిన పోయేవారు బండి ఆపి కొనే బేరం వేరు, లోపలికి నడిచి వచ్చి కొనే బేరం వేరు. బుట్ట ఎక్కడ దించితే ఎంత అమ్ముడవుతుందన్నది ఆ ఇంటి పొయ్యికి సంబంధించిన లెక్క. బండి కాస్త దూరంగా ఆపి నాలుగడుగులు లోపలికి వేస్తే ఆ ఇంటికి సాయం చేసినట్టే.

మన సరస్సు బాగుంటేనే..

చెన్నై వంటిళ్లలో పులికాట్ పీతకు, రొయ్యకు పేరుంది. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనే. రొయ్య, పీత, పండుగప్ప పిల్లలు సముద్రం నుంచి ముఖద్వారం గుండా లోనికొచ్చి పెరిగి, పెద్దవై మళ్లీ కడలికి పోతాయి. ఆ ద్వారం ఇసుకతో పూడితే రాకపోకలు ఆగిపోతాయి. మన వైపు రాయదొరువు ముఖద్వారం పూడిపోయి జాలర్లు పడుతున్న అవస్థ సూళ్లూరుపేట, తడ ప్రాంతాలకు కొత్త కాదు. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజుల్లో వేటకు పోకూడదు. సరిహద్దు దాటి వచ్చాయని మరపడవలను పట్టుకోవడం, తగవులు.. అవీ మామూలే.

దక్షిణాన ఎన్నూరు వాగుది ఇంకో కథ. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వరదల్లో మనలి పారిశ్రామిక ప్రాంతం నుంచి చమురు వాగులోకి చేరింది. వలలు, పడవలు నల్లబడ్డాయి. చాలా రోజులు వేట ఆగింది. పట్టిన చేపనూ కొనేందుకు జనం జంకారు. 2017 జనవరిలో ఎన్నూరు సమీపంలో రెండు ఓడలు ఢీకొని చమురు ఒలికినప్పుడూ అదే భయం. నీళ్లు చెడితే ముందు జాలరి ఇంట పొయ్యి ఆరుతుంది. తర్వాత మార్కెట్లో పెనం చల్లారుతుంది.

అందుకే తెలిసినవారు వెళ్లగానే వంజరం కావాలని పట్టుబట్టరు. ‘ఇన్నిక్కి ఎన్న మీన్ వందది?’ అని అడుగుతారు. ఈ రోజు ఏం వచ్చిందని. వచ్చిందే తింటారు. అది చవక, తాజా, రుచి కూడా.

ఇలా వెళ్లొచ్చు

సూళ్లూరుపేట, గుమ్మిడిపూండి లోకల్ రైళ్లలో సెంట్రల్ వద్ద దిగితే ఎదురుగానే పార్క్‌టౌన్ స్టేషన్. అక్కడ ఎంఆర్‌టీఎస్ రైలెక్కితే తర్వాతి స్టేషనే చింతాద్రిపేట. 1734లో నేతగాళ్ల కోసం వెలసిన ఈ పేటలో పాత చేపల మార్కెట్ ఉంది. వండుకోవడానికి కొనేవారికి అనువు. అదే రైలులో దీపస్తంభం స్టేషన్లో దిగితే మెరీనా లూప్ రోడ్డు దగ్గర. కాశిమేడుకు రాయపురం వైపు వెళ్లాలి. వేలం పాట చూడాలంటే తెల్లవారకముందే చేరాలి. భోజనానికైతే మధ్యాహ్నం చాలు. ఇంటికి పట్టుకెళ్లేవారు థర్మాకోల్ పెట్టె, ఐసు మరవకూడదు.